నిలబడి పాడిన పాటలు

వందేళ్ల లోపల వరంగల్ బడుల్లో మూడు గీతాలు వినిపించాయి. నిజాం కాలంలో పొద్దున్నే పిల్లలు వరుసల్లో నిలబడి, పాలకుడి క్షేమం కోరుతూ ఉర్దూలో దుఆ పాడేవారు. 1948 సెప్టెంబరు 17న హైదరాబాద్ రాజ్యం లొంగిపోయాక ఆ చోటులోకి జనగణమన వచ్చింది. 2024 జూన్ 2న దాని పక్కన జయ జయహే తెలంగాణ అధికారికంగా చేరింది. మొదటిదాన్ని మా తాతయ్య కూనిరాగంలో విన్నాను. రెండోదాన్ని హనుమకొండలో సంగీతం టీచరుగా పనిచేసినన్నాళ్లూ పిల్లలకు నేర్పాను. మూడోదాన్ని తెలంగాణ ఉద్యమం రోజుల్లో రోడ్డు మీద, నా కన్నా చిన్నవాళ్ల దగ్గర నేర్చుకున్నాను.

ఈ పాటల వెనకున్న రాజకీయాల గురించి పుస్తకాలు ఉన్నాయి. వాటి కట్టడం గురించి మాత్రం మన దగ్గర మాట తక్కువ. ఏ స్వరం మీద ఎత్తుకుని ఎక్కడ ఆగుతాయి, ఎన్ని మాత్రల అడుగు వేస్తాయి, ఎవరిని పిలుస్తాయి, మనిషిని ఎంతసేపు నిలబెడతాయి? పాట చెప్పుకుని బతికిన మనిషిగా నాకు ఆ సంగతులే ముఖ్యం. ఒక నేలకు గుర్తుగా నిలిచే పాటను సంగీతం రాని వేలమంది ఒకేసారి పాడాలి. అలా పాడగలిగేటట్టు కట్టడం చాలా కష్టమైన పని. ఆ పని ఎలా జరిగిందో తెలిస్తే, ఆ పాటను ఎలా కాపాడుకోవాలో కూడా తెలుస్తుంది.

నిజాం వంశమైన ఆసఫ్‌జాహీల రాజ్యగీతం ఒక ప్రార్థన. సృష్టికర్తను పిలిచి, నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ను, ఆయన రాజ్యాన్ని చల్లగా చూడమని అడుగుతుంది. ఇంగ్లండు గీతం చేసేదీ అదే, దేవుణ్ని పిలిచి రాజును కాపాడమనడం. రాజులున్న చోట గీతాలు ఎక్కువగా ఈ పద్ధతిలోనే పుట్టాయి. మా తాతయ్య ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. ఆ పాటకు అర్థం తెలియకముందే ఆయనకు బాణీ వచ్చేసింది. ముసలితనంలో మాటలు చాలావరకు మరిచిపోయినా బాణీ మాత్రం తప్పకుండా పలికేవారు. చిన్నప్పుడు గుంపులో నిలబడి పాడిన పాట ఒంట్లో ఎంత లోతుకు దిగుతుందో నాకు మొదట తెలిసింది ఆయన వల్లనే.

ఆ సంగతి పాలకులకూ తెలుసు. 1938 చివర ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టళ్లలో వందేమాతరం పాడవద్దని ఆంక్ష పెట్టారు. విద్యార్థులు సమ్మె కట్టారు. పాడబోమని రాసివ్వని వాళ్లను చదువు నుంచి వెళ్లగొట్టారు. ఆ సెగ హనుమకొండకూ తాకింది. ఇక్కడ ఇంటర్మీడియట్ చదువుతున్న పాములపర్తి వెంకట నరసింహారావు కూడా ఆ పాట కారణంగానే కాలేజీ పోగొట్టుకుని నాగపూర్ వెళ్లి చదువు కొనసాగించారు. తర్వాత దేశానికి ప్రధాని అయిన మనిషి కుర్రతనంలో ఒక పాట కోసం ఊరు విడవాల్సి వచ్చింది.

వందేమాతరానికి అంత బలం ఉన్నా, దానికి ఒకే బాణీ స్థిరపడలేదు. బంకించంద్ర చటర్జీ రాయగా 1882లో పుస్తకంగా వచ్చిన ఆనందమఠం నవలలో ఆ గీతం ఉంది. 1896 కలకత్తా కాంగ్రెస్‌లో రవీంద్రనాథ్ ఠాగూర్ దాన్ని పాడారు. ఆ తర్వాత ఒక్కో విద్వాంసుడు ఒక్కో రాగంలో కట్టారు. కచేరీకి అది సంపద. మైదానంలో నిలబడ్డ గుంపుకు మాత్రం ఇబ్బంది, ఎందుకంటే పక్కవాడు ఏ బాణీ ఎత్తుకుంటాడో తెలియదు.

జనగణమన కథలో మన తెలుగు నేలకు పెద్ద భాగమే ఉంది. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్ సభలో అది మొదటిసారి వినిపించింది. 1919లో దక్షిణాది పర్యటనలో ఉన్న ఠాగూర్ మదనపల్లెలోని బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో కొన్నాళ్లు ఆగారు. అక్కడి ప్రిన్సిపల్ ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతంలో పట్టా తీసుకున్న మనిషి. పిల్లలందరూ చేరి పాడుకునే సాయంత్రపు కూటమిలో ఠాగూర్ ఈ పాట పాడారు. చుట్టూ ఉన్నవాళ్లకు బెంగాలీ రాదు, అయినా గొంతు కలిపారు. మార్గరెట్ ఆ బాణీని పాశ్చాత్య స్వరలిపిలో రాసి పెట్టారు. ఫిబ్రవరి 28న ఠాగూర్ ఇంగ్లీషు అనువాదం రాసి, దానికి భారతదేశపు ప్రభాత గీతం అనే అర్థం వచ్చే పేరు పెట్టారు.

కాగితం మీదికెక్కిన బాణీ ఊళ్లు దాటుతుంది, సముద్రాలూ దాటుతుంది. 1942 సెప్టెంబరు 11న జర్మనీలోని హాంబుర్గ్‌లో సుభాష్ చంద్రబోస్ పాల్గొన్న సభలో అక్కడి వాద్యబృందం జనగణమన వాయించింది. ఆజాద్ హింద్ ఫౌజ్ కోసం హైదరాబాద్ బిడ్డ ఆబిద్ హసన్ తదితరులు ఈ గీతాన్ని హిందుస్తానీ మాటల్లోకి తెచ్చారు. దానికి రామ్‌సింగ్ ఠాకూరి బ్యాండు నడక ఇచ్చారు. 1947లో న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో మన ప్రతినిధి బృందాన్ని మీ దేశ గీతం ఏదని అడిగినప్పుడు, చేతిలో ఉన్న రికార్డు ఇదే. అక్కడి ఆర్కెస్ట్రా వాయిస్తే పలు దేశాలవాళ్లు మెచ్చుకున్నారు. 1948 ఆగస్టులో రాజ్యాంగ సభలో నెహ్రూ ఈ సంగతి చెబుతూ, వాద్యబృందానికీ సైనిక బ్యాండుకూ ఇది ఒదుగుతుందన్న కారణాన్ని ముందుకు తెచ్చారు. ఇంగ్లీషు స్వరకర్త హెర్బర్ట్ మరిల్ ఆర్కెస్ట్రాకు తగిన కూర్పు చేశారు. 1950 జనవరి 24న రాజ్యాంగ సభ దాన్ని జాతీయగీతంగా ప్రకటించింది.

ఇన్ని చేతులు దాటినా చెడని ఆ బాణీలో ఏముంది? హార్మోనియం ముందు కూర్చుని పిల్లలకు నేర్పిన పద్ధతిలోనే చెబుతాను.

షడ్జమంతో ఎత్తుకుంటుంది. రిషభం తాకి గాంధారం చేరి, అక్కడే నిలబడుతుంది. మొదటి పాదంలో అక్షరం వెంట అక్షరం ఒకే గాంధారం మీద పడుతూ పోతుంది. గొంతు సరిగా లేవని పొద్దుటి పూట, సంగీతం రాని మనిషి కూడా ఒక్క స్వరం పట్టుకోగలడు. ఆ పట్టు దొరికాక పాట మధ్యమం చూపించి, మంద్ర నిషాదం తాకి మళ్లీ షడ్జమానికి దిగుతుంది. రెండో పాదంలో షడ్జమం నుంచి పంచమానికి ఒక్క దూకు. అక్కడ కూడా అక్షరాలన్నీ పంచమం మీదే వరసగా నిలుస్తాయి. పాదం చివర ధైవతం తాకే ముందు ప్రతి మధ్యమం లేశమాత్రంగా మెరుస్తుంది. పాట మొత్తం మీద మామూలుగా శంకరాభరణం స్వరాలే, హిందుస్తానీ వాళ్లు బిలావల్ అంటారు. అందులో ఈ ఒక్క ప్రతి మధ్యమం వేరే రంగు తెస్తుంది. పిల్లలు దీన్ని శుద్ధ మధ్యమంగా పాడేస్తారు. నల్లమెట్టు నొక్కి రెండుసార్లు వినిపిస్తే వాళ్ల కళ్లే చెబుతాయి, తేడా అందిందని.

కింద మంద్ర నిషాదం, పైన తార షడ్జం, పాట వ్యాప్తి అంతే. స్థాయికి ఒక్క మెట్టు ఎక్కువ. ఆ తార షడ్జం కూడా చివర జయధ్వానం దగ్గరే వస్తుంది. పైకెళ్లిన గొంతు నిషాదం దగ్గర ఒకసారి, ధైవతం దగ్గర ఒకసారి ఆగుతూ మెట్టు మెట్టు దిగుతుంది. ఆ తర్వాత మళ్లీ షడ్జమం నుంచి రెండేసి స్వరాలుగా ఎక్కి, మధ్యమం మీద ఆగిపోతుంది. మన కీర్తనల్లో పాట తిరిగి ఆధారషడ్జానికి చేరితేనే చెవికి తృప్తి. ఇది అలా చేరదు. ముగింపులో కూడా గొంతు పైకి చూస్తూనే ఉంటుంది. సభ ముగిసే చోట ఎంత సహజంగా పాడతామో, సభ మొదలయ్యే చోట కూడా అంతే సహజంగా పాడగలగడానికి నా దృష్టిలో ఈ ముగింపే కారణం.

నడక నాలుగు మాత్రలది. జ-న-గ-ణ అంటూ నాలుగు లఘువులతో మొదలై, ఆ నాలుగు మాత్రల అడుగు పాట పొడవునా సాగుతుంది. కవాతు అడుగుకు అది సరిపోతుంది. నిడివి సుమారు 52 సెకన్లు. మొదటి, చివరి పాదాలతో పాడే పొట్టి రూపం 20 సెకన్లు. ఠాగూర్ రాసిన అయిదు చరణాల్లో మొదటిదే జాతీయగీతం. రాజులేని గీతం ఇది. దేశపు భాగ్యాన్ని నడిపే విధాతను పిలుస్తుంది, ప్రాంతాల పేర్లు, కొండల పేర్లు, నదుల పేర్లు వరసగా తలుస్తుంది.

ఆడపిల్లలకు కర్ణాటక సంగీతం అయిదు, అయిదున్నర శ్రుతుల్లో నేర్పుతాం. బడి ప్రార్థనలో జనగణమనకు అదే శ్రుతి పెడితే తార షడ్జం దగ్గర సగం బడి కీచుమంటుంది, మిగతా సగం నోరు మూసుకుంటుంది. ఒకటి, రెండు శ్రుతుల మధ్య పెడితే కిందిది అందుతుంది, పైది కూడా అందుతుంది. మైకు పట్టుకున్న టీచరు ఏ శ్రుతి వినిపించారన్న దాని మీదే ఆ రోజు బడి పాడుతుందా అరుస్తుందా అన్నది ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు మా నేల సొంత పాట దగ్గరికి వస్తాను. ఓరుగల్లు ప్రాంతానికి గుంపు పాట కొత్తగా నేర్పాల్సిన పని లేదు. పాలకుర్తి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో ఆ కాలపు జనం పాడుకునే పదాల జాబితా ఇచ్చాడు: తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, శంకర పదాలు, నివాళి పదాలు, వాలేశు పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు. కావ్యాలకు ఆయన ఎంచుకున్న ద్విపద కూడా జనం నోటి నడకే. కాకతీయ గణపతిదేవుడి గజసాహిణి, అంటే ఏనుగుల దళాధిపతి అయిన జాయప సేనాని 13వ శతాబ్దంలో నృత్తరత్నావళి రాస్తూ దేశి నృత్తాలకు పెద్దపీట వేశాడు. బతుకమ్మ పాటల్లో చాలావాటికి ఇప్పటికీ ద్విపద నడకే, సగం పాదానికోసారి ఉయ్యాలో అని గుంపు అందుకుంటుంది. ఒగ్గుకథలో కథకుడు ఒక పాదం అంటే వంతలు దాన్ని పట్టుకుని లేపుతారు. ఒకరు చెప్పడం, పదిమంది అందుకోవడం అనే ఈ పద్ధతిలో, పాట మొత్తం రానివాళ్లకు కూడా పాటలో చోటు ఉంటుంది.

మా సొంత పాట కట్టిన అందెశ్రీ ఈ పద్ధతిలో పెరిగిన మనిషి. అసలు పేరు అందె ఎల్లయ్య. 1961లో పాత వరంగల్ జిల్లా మద్దూరు మండలం రేబర్తిలో పుట్టారు. బడి చదువు లేదు. గొర్రెలు కాశారు, ఇళ్లు కట్టే పనిలో కూలి చేశారు. పాట మాత్రం ఆశువుగా వచ్చేది. ఆయన కట్టిన జయ జయహే తెలంగాణ 2000 దశకంలో ఉద్యమ సభల్లో పుట్టి పెరిగింది. ధూంధాం అనే ఉద్యమ ఆటపాటల వేదికలున్న రోజులవి. తర్వాత చాలా బడుల్లో ఉత్తర్వు లేకుండానే పిల్లలు పాడారు. కాకతీయ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. బడి ముఖం చూడని మనిషి పాట బడి ప్రార్థన కావడం నాకు మన కాలపు గొప్ప సంగతుల్లో ఒకటి.

ఈ గీతం పిలిచేది తల్లిని. రాజు కోసం సృష్టికర్త, తర్వాత విధాత, ఇప్పుడు తల్లి: మూడు గీతాల్లో పిలుపు ఇలా మారుతూ వచ్చింది. కట్టడం కూడా మారింది. పేరులోని అక్షరాలే లెక్కపెట్టండి. జ-య-జ-య-హే అంటే ఆరు మాత్రలు, తె-లం-గా-ణ అంటే ఆరు మాత్రలు. ఆరును మూడు మూడుగా విరిస్తే తిశ్రగతి ఊపు వస్తుంది. నాలుగు మాత్రల జనగణమన నిటారుగా నడుస్తుంది. ఆరు మాత్రల ఈ పల్లవి ఊగుతూ సాగుతుంది. చరణాల్లో పోతన, రుద్రమ, కొమురం భీం, రామప్ప, చార్మినార్, గోదావరి, కృష్ణ వరసగా వస్తాయి. ప్రతి చరణం చివర తెలంగాణకు జై కొట్టే నినాదం. సంగీతపరంగా అదే కీలకం. చరణం రానివాళ్లు నినాదం అందుకుంటారు. బతుకమ్మలో ఉయ్యాలో చేసే పని ఇక్కడ జై చేస్తుంది.

2011 సకల జనుల సమ్మె రోజుల్లో హనుమకొండలో ఈ పాట ఎన్ని తీర్లుగా విన్నానో! ఒక గుంపు డప్పు మీద వేగంగా పాడేది, ఇంకో గుంపు దీక్షా శిబిరంలో కూర్చుని మెల్లగా సాగదీసేది. శ్రుతి గాయకుడి గొంతుదే. ఓపికను బట్టి చరణాలు, అలుపు వచ్చిన చోట నినాదం. అప్పటికి దానికి ఫలానా నిడివి అని లేదు. పాట అలా బతికినన్నాళ్లూ దాని బలం ఆ సడలింపులోనే ఉంది.

2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడింది. దాదాపు పదేళ్లకు, 2024 ఫిబ్రవరి 4న మంత్రివర్గం ఈ పాటను రాష్ట్ర గీతంగా ఆమోదించింది. ఆంధ్ర ప్రాంతానికి చెందిన సినీ సంగీత దర్శకుడు ఎం.ఎం. కీరవాణి సంగీతం కూర్చారు. ఆ ఏడాది జూన్ 2న సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో విడుదల చేశారు. పూర్తి గీతం పదమూడున్నర నిమిషాలు, సభల్లోనూ బడుల్లోనూ పాడే రూపం రెండున్నర నిమిషాలు. పాఠంలో కొన్ని మాటలు మారాయి. ఉద్యమ కాలపు పాటలో పది జిల్లాల ప్రస్తావన ఉండేది. 2016లో జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. ఆ మార్పులో కవి పుట్టిన రేబర్తి కూడా వరంగల్ నుంచి సిద్దిపేట జిల్లాకు పోయింది. గీతం శాశ్వతంగా నిలవాలంటే లెక్కలు మారే మాట అందులో ఉండకూడదు కాబట్టి పాఠంలో చేసిన ఆ మార్పు సబబే.

సంగీతం మీద వాదన గట్టిగా జరిగింది. తెలంగాణ వాళ్ల చేత బాణీ కట్టించాలని ఇక్కడి సినీ సంగీతకారుల సంఘం ముఖ్యమంత్రికి లేఖ రాసింది. ఆ బాధను నేను తేలిగ్గా తీసుకోను. ఉద్యమంలో గొంతు పోగొట్టుకున్న గాయకులు మా మధ్య ఉన్నారు. పాట వాళ్ల చేతుల్లోంచి స్టూడియోకు వెళ్లిపోయిందనే నొప్పి నిజమైనది. అదే సమయంలో, ఏ గీతమైనా జనం నోటి నుంచి రాజ్యం నోటికి మారేటప్పుడు ఎవరో ఒకరు కూర్చుని శ్రుతి, వేగం, నిడివి, చరణాల ఎంపిక తేల్చాల్సిందే. జనగణమనకు మార్గరెట్ కజిన్స్, హెర్బర్ట్ మరిల్ చేసిన పని అదే. ఆ పని ఎంత బాగా జరిగిందో చెప్పేది విడుదల సభ కాదు. స్పీకర్లు ఆపేశాక పిల్లలు సొంతంగా పాడగలుగుతున్నారా లేదా అన్నదే పరీక్ష.

ఆ పరీక్ష ఇప్పుడు మన బడుల్లో నడుస్తోంది. జనగణమన 52 సెకన్లు, రాష్ట్ర గీతం 150 సెకన్లు. రెండూ కలిపితే మూడు నిమిషాలు దాటుతుంది. ఎండలో నిలబడ్డ ఒకటో తరగతి పిల్లకు అది పెద్ద సమయమే. దానికి చాలాచోట్ల దొరికిన సులువు దారి రికార్డు పెట్టడం. రికార్డు మోగుతుంటే పిల్లలు పెదవులు కదుపుతారు, గొంతు విప్పరు. గాయకుల శ్రుతి పిల్లలకు అందకపోతే ఆ పెదవులు కూడా ఆగిపోతాయి. పాడని గీతం క్రమంగా వినే గీతమై, చివరికి పట్టించుకోని శబ్దమైపోతుంది. మా తాతయ్య గొంతులో అరవై ఏళ్ల తర్వాత కూడా బాణీ మిగిలిందంటే, ఆయన చిన్నప్పుడు దాన్ని విన్నందుకు కాదు, పాడినందుకు.

2025 నవంబరు 10న అందెశ్రీ కన్నుమూశారు. ఆయనకు 64 ఏళ్లు. ఆ పాటను ఏ ఊపులో పాడాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో చెప్పగల మొదటి గొంతు ఇక లేదు. కాబట్టి ఆ బాధ్యత మనమీదికి వచ్చింది. ఉమ్మడి వరంగల్‌లో ఉద్యమ గాయకులు ఇంకా బతికే ఉన్నారు. డప్పు మీద వాళ్లు పాడిన తీరు, దీక్షా శిబిరాల్లో సాగదీసిన తీరు, జనగాం వైపు ఒకటి, ములుగు వైపు ఒకటిగా వినిపించిన ఎత్తుగడలు ఇప్పుడే రికార్డు చేసి పెట్టాలి. అధికారిక బాణీ ఒకటి ఉండటం వల్ల ఇవి పనికిరానివి కావు. ఆ బాణీ ఏ నేలలోంచి లేచిందో రేపటి సంగీతకారుడికి చూపించేవి ఇవే.

బడుల్లో పాట చెప్పే నా తోటివాళ్లకు ఒక విన్నపం. పిల్లలకు మొదట హార్మోనియం మీద శ్రుతి ఇవ్వండి, ఒకటి రెండు శ్రుతులు దాటించకండి. పల్లవిని ఆరేసి మాత్రలుగా చేత్తో తట్టించండి. వారానికి ఒక చరణం చాలు. రుద్రమ పేరు దగ్గర ఖిలా వరంగల్ సంగతి, రామప్ప పేరు దగ్గర పాలంపేట గుడి సంగతి, పోతన పేరు దగ్గర బమ్మెర సంగతి చెప్పండి. చరణం ఇద్దరు ముగ్గురు పిల్లలు పాడనివ్వండి, నినాదం బడంతా అందుకోనివ్వండి, ఒగ్గుకథకుల నుంచి మనకు వచ్చిన పద్ధతి అదే. జనగణమనలో ప్రతి మధ్యమం, చివరి మధ్యమం సరిగ్గా పలికేదాకా వదలకండి. ఒక నెల కష్టపడితే రికార్డు అక్కర్లేకుండా బడి పాడుతుంది. ఆ బడి పిల్లలకు తమ దేశం, తమ రాష్ట్రం ఎవరో వాయించి వినిపించేవిగా కాక, తాము పాడి నిలబెట్టేవిగా తెలుస్తాయి.